హైదరాబాద్ చుట్టుపక్కల పట్నాలకు మకాం మార్చేవాళ్లకు: కిరాయి ఇంటి నుంచి ప్లాటు దాకా

సిటీ కిరాయిలు మోయలేకనో, పిల్లలకు కాస్త జాగా ఉండాలనో, ఉద్యోగమే అటు మారిందనో షాద్‌నగర్, శంకర్‌పల్లి, సంగారెడ్డి, మేడ్చల్, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఇబ్రహీంపట్నం లాంటి ఊళ్లకు మకాం మారుస్తున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వీళ్లలో ఎక్కువమంది ముందు ఇల్లో ప్లాటో చూస్తారు, నచ్చగానే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. నీళ్లెక్కడివి, చివరి బస్సెన్నింటికి, వానొస్తే గల్లీలో నడవగలమా అనేవి దిగాక తెలుస్తాయి. ఈ వరసను తిరగేయాలి. ముందు దారి, తర్వాత నీళ్లు, ఆ తర్వాత వాన చూడాలి. ఇవన్నీ కుదిరాకే ఇల్లు. ఒక ఊరు మొత్తం మంచిదనో చెడ్డదనో తేల్చలేం. ఒకే పట్నంలో మెయిన్ రోడ్డుకు ఇటు కాలనీలో నల్లా సక్రమంగా వస్తుంటే, అటు కాలనీ ఎండాకాలమంతా ట్యాంకర్ల మీద గడుస్తుంది. అందుకే ఊరి పేరు విని ఆగిపోకుండా కాలనీని, ఆ కాలనీలో గల్లీని చూడాలి.

పని ఎటు, కాపురం అటు

ఉద్యోగం గచ్చిబౌలి, కోకాపేట వైపు అయితే శంకర్‌పల్లి, చేవెళ్ల, ఐఐటీ ఉన్న కంది, సంగారెడ్డి చూడాలి. ఉప్పల్, తార్నాక, పోచారం వైపు అయితే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి. సికింద్రాబాద్, కొంపల్లి వైపు అయితే మేడ్చల్, శామీర్‌పేట, తూప్రాన్. ఎయిర్‌పోర్టు, ఆదిభట్ల వైపు అయితే షాద్‌నగర్, కందుకూరు, ఇబ్రహీంపట్నం. ఇంట్లో ఇద్దరి ఉద్యోగాలు సిటీకి చెరో కొసన ఉంటే మాత్రం, రోజూ తప్పకుండా ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్ల వైపుకే మొగ్గండి.

‘ఓఆర్‌ఆర్ ఉందిగా, ఎటైనా పోవచ్చు’ అనే లెక్క చాలామందిని దెబ్బతీస్తుంది. ఓఆర్‌ఆర్, అంటే సిటీ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు, మొత్తం 158 కిలోమీటర్లు. ఘట్‌కేసర్‌లో ఉండి గచ్చిబౌలికి వెళ్లడమంటే దాదాపు సగం రింగు తిరగడమే. టోల్ ఎంత దూరం వెళితే అంత పడుతుంది. దాన్ని రెండుతో, మళ్లీ నెలలో ఆఫీసుకు వెళ్లే రోజులతో గుణించి, పెట్రోలు కలిపి చూడండి. కిరాయిలో మిగిలిందనుకున్నది ఇక్కడే పోవచ్చు. బైకులను ఓఆర్‌ఆర్ మీదికి రానివ్వరు. బైకు మీద వెళ్లేవాళ్లకు సర్వీసు రోడ్డే గతి. అక్కడ లారీలు, ఎదురొచ్చే బండ్లు, రాత్రిళ్లు దీపాలు లేని చోట్లు ఉంటాయి. అందుకే ఆ దారిని ఒకసారి చీకటి పడ్డాక కూడా నడిపి చూడాలి.

వెంచర్ వాళ్లు ఆదివారం కారు పంపి సైటు చూపిస్తారు. ఆదివారం ఏ రోడ్డయినా ఖాళీగానే ఉంటుంది. మీరు సోమవారం ఉదయం 8 గంటలకు ఆ కాలనీ గేటు నుంచి బయల్దేరి ఆఫీసు దాకా, సాయంత్రం 6:30కి ఆఫీసు నుంచి వెనక్కి వెళ్లి చూడండి. రెండు దిక్కులా పట్టిన టైమే అసలు దూరం.

రైలు నమ్ముకుంటే టైమ్‌టేబుల్ చేతిలో పెట్టుకుని లెక్కేయాలి. ఎంఎంటీఎస్ (సిటీ లోకల్ రైలు) మేడ్చల్, ఘట్‌కేసర్, ఉమ్దానగర్ దాకా వెళుతుంది. కానీ స్టేషన్ ఉండటం వేరు, మీ డ్యూటీ వేళకు బండి ఉండటం వేరు. షాద్‌నగర్, శంకర్‌పల్లి, బీబీనగర్, భువనగిరిలో స్టేషన్లున్నా మీ బండి ఒకటి తప్పితే తర్వాతిది ఎప్పుడో చూసుకోవాలి. బస్సు సంగతికొస్తే, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు కాబట్టి, ఆ బస్సులు నడిచే రూటు మీద ఇల్లు తీసుకుంటే ఇంటి ఖర్చులో మంచి తేడా కనిపిస్తుంది. ఇక్కడ ఇబ్బందంతా మెయిన్ రోడ్డు మీద దిగాక కాలనీకి ఉండే చివరి రెండు మూడు కిలోమీటర్లే. రాత్రి ఎన్నింటి దాకా షేర్ ఆటోలు ఉంటాయో స్టాండులో ఆటో వాళ్లనే అడగండి. కాలేజీకి వెళ్లే ఆడపిల్లలున్న ఇంటికి ఈ ఒక్క జవాబు మీదే నిర్ణయం ఆధారపడవచ్చు.

నీళ్లు

మామూలుగా ఓఆర్‌ఆర్ లోపల జలమండలి (సిటీ నీటి సరఫరా బోర్డు), బయట మిషన్ భగీరథ నీళ్లు. కొత్త కాలనీలు చాలావాటికి ఈ రెండూ ఇంకా అందవు. అక్కడ బోరే దిక్కు, బోరు ఎండితే ట్యాంకరు. ‘నీళ్ల సమస్య లేదు’ అన్న మాట ఎవరన్నా సరే, విని ఊరుకోకండి. వారానికి ఎన్ని రోజులు, ఎన్ని గంటలకు, ఎంతసేపు వస్తాయి, పైనున్న ట్యాంకులోకి నేరుగా ఎక్కుతాయా సంపులోనే పడతాయా అని విడివిడిగా అడగండి.

లెక్క ఇలా వేయాలి. మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు రోజుకు 10,800 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు రెండుకు పైనే. మేలో బోరు పూర్తిగా ఆగిపోతే నెలకు దాదాపు 65 ట్యాంకర్లు. ఆ ఊళ్లో ట్యాంకరు రేటు కనుక్కుని 20 మందికి పంచితే మీ మెయింటెనెన్స్ ఎంత పెరుగుతుందో తెలిసిపోతుంది. పోయిన ఎండాకాలం ట్యాంకర్ల ఖాతా చూపించమని అసోసియేషన్ వాళ్లనూ వాచ్‌మన్‌నూ అడగండి. ఖాతా చూపించడానికి తటపటాయిస్తే అదే జవాబు.

ఇండిపెండెంట్ ఇంట్లో సంపు ఎంత పెద్దదో చూడాలి. ట్యాంకరులో 5,000 లీటర్లుంటే, మీ సంపు 3,000 లీటర్లదైతే, పూర్తి డబ్బిచ్చి 2,000 లీటర్లు వదులుకున్నట్టే. అప్పటికే సంపులో కొంత నీరుంటుంది కాబట్టి 6,000 లీటర్లకు తగ్గకుండా ఉండాలి. ట్యాంకరు మీ గల్లీలో తిరుగుతుందా లేదా కూడా చూసుకోవాలి. తిరగకపోతే పొడవాటి పైపు వేయాలి, దానికి అదనంగా అడుగుతారు.

హైదరాబాద్ నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులో నీరు రాతి పగుళ్లలోనే దొరుకుతుంది. పక్కింట్లో 300 అడుగులకు పడ్డ నీళ్లు మీ జాగాలో వెయ్యి అడుగులకూ పడకపోవచ్చు. కాబట్టి ‘పక్క ప్లాటులో బోరు బాగుంది’ అనేది మీ ప్లాటుకు హామీ కాదు. బోరు వేయాలంటే వాల్టా చట్టం (నీళ్లు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి తీసుకోవాలి. డ్రైనేజీ లైను లేని కాలనీల్లో ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే కాబట్టి, మీ బోరుకు మీ ట్యాంకే కాదు, పక్కవాళ్లదీ కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. 100 గజాల ప్లాట్లు వరుసగా ఉన్న చోట ఇది దాదాపు కుదరదు. అక్కడ బోరు నీళ్లు తాగడానికి వాడొద్దు.

ఇంట్లోకి వెళ్లగానే బాత్రూంలో బకెట్టు కింద పెట్టే చోటు చూడండి. నల్లా మూతి చుట్టూ తెల్లటి పెచ్చు గట్టిపడి గోటితో గీరినా రాకపోతే, టైల్స్ మీద నీళ్లు జారిన దారంతా సున్నం చారలుంటే, ఆ నీళ్లు బాగా ఉప్పువి. గీజర్ కాయిల్, వాషింగ్ మెషిన్, మోటారు త్వరగా పాడవుతాయి. నీళ్లలో కరిగిన లవణాలను (టీడీఎస్) కొలిచే, జేబులో పట్టే మీటరు కొనుక్కుని వెళ్లండి. తాగే నీళ్లకు భారతీయ ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కులేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు.

మీటరు చెప్పనివీ ఉన్నాయి. ముఖ్యంగా ఫ్లోరైడ్. తూర్పు, ఆగ్నేయ దిక్కున చౌటుప్పల్, నారాయణపూర్, మర్రిగూడ ప్రాంతాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ దశాబ్దాల సమస్య. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే తాగకూడదు. రంగు మారదు, వాసన రాదు, పిల్లల పళ్లమీద మచ్చలొచ్చాకే తెలుస్తుంది. ఆ వైపు వెళ్లేవాళ్లు భగీరథ నల్లా ఉన్న ఇల్లే తీసుకోండి, వంటకు కూడా అవే నీళ్లు వాడండి. అన్నం, పప్పు బోరు నీళ్లతో ఉడికిస్తూ తాగడానికి మాత్రం క్యాన్ తెప్పించుకుంటే ఉపయోగం తక్కువ.

పరీక్షకు పంపాలంటే మోటారు పది నిమిషాలు ఆడించి, లీటరు బాటిల్‌ను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండుగా పట్టి అదే రోజు ల్యాబులో ఇవ్వాలి. ఫ్లోరైడ్, నైట్రేట్, హార్డ్‌నెస్ మూడూ రాయించండి. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటితే దగ్గర్లో మురుగు కలుస్తోందని అనుమానించాలి. బ్యాక్టీరియా పరీక్షకు మాత్రం ల్యాబు ఇచ్చే శుభ్రం చేసిన సీసాలోనే పట్టాలి.

పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి పారిశ్రామిక వాడల దగ్గర భూగర్భ జలాలు రసాయనాలతో చెడిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. మూసీ సిటీ దాటాక ప్రతాపసింగారం, ఏదులాబాద్ మీదుగా పోతుంది. ఆ ఒడ్డు గ్రామాల్లో బోరు నీళ్లను నమ్మకండి. వాసన కూడా పట్టించుకోండి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన గాలిని బట్టి దమ్మాయిగూడ, నాగారం దాకా వస్తుంది. పగలు గాలి కదులుతుంది కాబట్టి ఏమీ తెలియదు. రాత్రి నేల చల్లబడ్డాక పొగ, వాసన పైకి లేవకుండా కిందే ఆగిపోతాయి. ఇల్లు ఖాయం చేసుకునే ముందు రాత్రి 10 దాటాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఆ గల్లీలో నిలబడి చూడాలి.

వాన నీరు ఎటు పోతుంది

ఇక్కడి చెరువులన్నీ గొలుసుకట్టువి. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి పోతుంది. మధ్యలో ఉన్న వాగును పూడ్చి లేఅవుట్ వేసినా నీరు తన దారి మరిచిపోదు. నాగోల్ లాంటి చోట్ల అనుభవమైన ముంపే ఇప్పుడు పెరుగుతున్న పట్నాల్లో మొదలవుతోంది.

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే హద్దు ఎఫ్‌టీఎల్. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు దాటిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024లో హైడ్రా (చెరువులు, ప్రభుత్వ భూముల రక్షణ సంస్థ) వచ్చాక ఓఆర్‌ఆర్ లోపల ఇలాంటి కట్టడాలు కూల్చడం చూశాం. చెరువుల హద్దుల మ్యాపులు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైటులో ఉంటాయి. పాత ఊరి నక్షాలో కుంట, వాగు ఎక్కడున్నాయో కూడా చూసుకోండి. పత్రాల్లో ఎక్కడైనా ‘శిఖం’ (చెరువు గర్భంలోని భూమి) అన్న మాట కనబడితే అక్కడికి ఆపేయండి.

గల్లీలో నడుస్తూ కాంపౌండ్ గోడలు చూడండి. నేల నుంచి మోకాలెత్తున ఒకే ఎత్తులో, ఇంటింటికీ, మట్టి రంగు గీత కనిపిస్తే అది నీళ్లు నిలిచిన గుర్తు. ఒక గోడకు కొత్త రంగు వేసినా పక్కింటి గోడ మీద దొరుకుతుంది. గేటు లోపల రెండు వరసల ఇటుకలతో అడ్డు కట్టుకున్నారా, రోడ్డు ఎత్తు పెంచుకుంటూ పోయి ఇళ్ల గడపలు రోడ్డు కన్నా కిందికి పోయాయా చూడండి. అమ్మేవాళ్లను కాకుండా కిరాణా కొట్టాయన్ని, ఇస్త్రీ చేసేవాళ్లను అడగండి. వాళ్లు అక్కడే ఉంటారు, అబద్ధం చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు.

ముందు ఏడాది కిరాయికి

కొనేందుకు డబ్బు చేతిలో ఉన్నా సరే, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ కాలనీలో కిరాయికి ఉన్నాకే కొనండి. దీనికి మంచి అదను ఏప్రిల్, మే. నీళ్లు అడుగంటే రోజుల్లో ఇల్లు చూస్తే ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. తెలంగాణలో బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి మే చివర్లో మారితే పిల్లల చదువు మధ్యలో తెగదు. పాత బడి నుంచి టీసీ తీసుకునేటప్పుడు పెన్ నంబరు (విద్యార్థి శాశ్వత నంబరు) రాయించుకోండి. ఆన్‌లైన్లో పేరు విడుదల చేశారో లేదో కూడా అక్కడే అడగండి, లేకపోతే కొత్త బడిలో నమోదు ఆగుతుంది. బడి ఎంత మంచిదైనా బస్సు మీ గల్లీ మొదట్లోకి వస్తుందా అనేది ముందు తేల్చుకోండి.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాస్తారు. ఏడాదికి మించి రాస్తే రిజిస్ట్రేషన్ చేయించాలి. ట్యాంకరు ఖర్చు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారు, మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. గొడవలన్నీ వీటి మీదే వస్తాయి. మీ పోర్షన్‌కు వేరే కరెంటు మీటరు ఉండాలి. రెండు పోర్షన్లకు ఒకటే మీటరైతే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి వెళ్లి ఇద్దరికీ బిల్లు పెరుగుతుంది. బిల్లు మీదున్న యూఎస్‌సీ నంబరుతో (కరెంటు కనెక్షన్ నంబరు) పాత బాకీలున్నాయేమో చూసి, చేరిన రోజే మీటరు రీడింగు ఫొటో తీసి ఓనరుకు పంపండి. సామాను దించకముందే సంపు, ట్యాంకు కడిగించండి. దిగాక ఓటు మార్చుకోవడానికి ఫారం 8, ఆధార్‌లో అడ్రసు, గ్యాస్ కనెక్షన్ మార్పించుకోవడం మరిచిపోవద్దు.

ఆసుపత్రి విషయంలో బీబీనగర్ వైపు ఎయిమ్స్ ఉంది. మిగతా చోట్ల రాత్రి రెండింటికి డాక్టరు, మందుల షాపు, అంబులెన్సు దొరుకుతాయా చూడాలి. ఇంట్లో గుండె జబ్బున్నవాళ్లు, డయాలసిస్ అవసరమైనవాళ్లు ఉంటే ఈ ఒక్కటి కుదరని చోటికి ఎంత చవకైనా వెళ్లకండి.

కొనేటప్పుడు

గజాల లెక్క గుర్తుంచుకోండి: గుంట అంటే 121 గజాలు, 40 గుంటలు ఎకరం. ‘అయిదు గుంటల ఫామ్ ప్లాటు’ అని అమ్మేది వ్యవసాయ భూమి. దాని రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో జరుగుతుంది. నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం), లేఅవుట్ అనుమతి లేకుండా అందులో ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ రాదు, బ్యాంకు హోం లోన్ ఇవ్వదు. గ్రామ పంచాయతీ ముద్ర వేసిన లేఅవుట్ కూడా ఇంతే. లేఅవుట్ మంజూరు చేసే అధికారం హెచ్‌ఎండీఏది, డీటీసీపీ అనే పట్టణ ప్రణాళిక శాఖది. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ ఫీజు) కట్టుకుంటే సరిపోతుందని చెబితే, 2020 స్కీము ఆ ఏడాది ఆగస్టు 26 లోపు ఏర్పడ్డ లేఅవుట్లకే అని గుర్తుపెట్టుకోండి.

హెచ్‌ఎండీఏ లేఅవుట్‌లోనూ వచ్చింది డ్రాఫ్ట్ అప్రూవలా, ఫైనలా అని చూడాలి. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లను హెచ్‌ఎండీఏ తనఖా పెట్టుకుంటుంది. మీకు చూపించే ప్లాటు నంబరు ఆ జాబితాలో ఉంటే ఫైనల్ వచ్చేదాకా ఆగండి. 500 చదరపు మీటర్లు లేదా 8 యూనిట్లు దాటిన ఏ ప్రాజెక్టుకైనా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు తప్పనిసరి. నంబరు రాకముందు ప్రచారం చేయకూడదు, అమ్మకూడదు. కాబట్టి ‘ప్రీ లాంచ్ రేటు’ అన్నవాళ్లకు రూపాయి కూడా ఇవ్వొద్దు. రెరా కింద ఉన్న ప్రాజెక్టుకైనా, అమ్మకపు అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు.

పత్రాల్లో 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల పత్రం), లింకు డాక్యుమెంట్లు అన్నీ తీయించండి. ప్లాటు నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఇంకోసారి ఈసీ తీయాలి. ఎందుకంటే లేఅవుట్ వేయకముందు జరిగిన అమ్మకాలు, తనఖాలు సర్వే నంబరు మీదే కనబడతాయి. 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేదని చూసుకోవాలి. అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ, భూదాన్, సీలింగ్ భూములు అందులోనే దొరుకుతాయి. ధరణి బదులు 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతిలో ఆ భూమి చరిత్ర చూడొచ్చు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మితే యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది, కాబట్టి సేల్ డీడ్ లేని ఆస్తిని ముట్టుకోవద్దు.

పడమటి వైపు కొనేవాళ్లు జీవో 111 సంగతి తేల్చుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రక్షణకు 1996లో 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో షరతులతో సడలిస్తూ ఇంకో జీవో ఇచ్చారు. మొయినాబాద్, శంకర్‌పల్లి, శంషాబాద్ మండలాల్లో ‘ఎత్తేశారు’ అన్న మాట మీద కొనకండి. ఆ సర్వే నంబరుకు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్ ఉందో రాతపూర్వకంగా తీసుకుని లాయరుకు చూపించండి. ట్రిపుల్ ఆర్ (రీజనల్ రింగ్ రోడ్డు) పేరు చెప్పి సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, చౌటుప్పల్ చుట్టూ అమ్మే ప్లాట్లకు ఇంకో పరీక్ష ఉంది. ఆ సర్వే నంబరు భూసేకరణలో పోతుందేమో తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోవాలి. హైటెన్షన్ తీగలుంటే వాటి కింద కారిడార్ వదలాలి. 220 కేవీ లైనుకు అది 35 మీటర్లు. సగం ప్లాటు అందులో పోతే కట్టుకోవడానికి జాగా మిగలదు.

అపార్ట్‌మెంటు అయితే చెప్పిన చదరపు అడుగుల్లో కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే జాగా) ఎంత, భూమిలో మీ వాటా ఎన్ని గజాలు అని డీడ్‌లో రాయించుకోండి. రిజిస్ట్రేషన్‌కు మొత్తం 7.5 శాతం పడుతుంది. 40 లక్షల ఇంటికి 3 లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ అదనం. ఈ డబ్బును లోన్ లెక్కలో కలపకుండా విడిగా ఉంచుకోవాలి.

ఖాళీ ప్లాటు కొని ఇప్పుడే కట్టకపోతే, రిజిస్ట్రేషన్ అయిన వారంలోపే సర్వేయరుతో నాలుగు మూలలా హద్దు రాళ్లు పాతించి ఫెన్సింగ్ వేయించండి. ప్లాటు నంబరు, డాక్యుమెంటు నంబరు రాసిన బోర్డు పెట్టి తేదీ కనబడేలా ఫొటోలు తీసుకోండి. మున్సిపాలిటీలో మీ పేరు మీద మ్యుటేషన్ చేయించి ఖాళీ స్థలం పన్ను ఏటా కట్టి, ఆ రసీదులు డాక్యుమెంట్లతో కలిపి దాచండి. ఈసీ కూడా ఏడాదికోసారి తీసి చూస్తే మీ ప్లాటును వెనకనుంచి ఇంకెవరైనా రిజిస్టర్ చేయించుకున్నా వెంటనే బయటపడుతుంది.